మావి పడే దాకా

ఆ పొద్దున కాన్‌బెర్రా మీద మబ్బు కదలకుండా నిలిచి ఉంది. కురవదు, ఎండను రానివ్వదు.

పిల్ల తెల్లారకముందే పుట్టింది. దాని వెనక రావలసినది మాత్రం గంటైనా రాలేదు. నెత్తురు ఆగడం లేదని కోడలు సింధుజను మంచంతో సహా ఆపరేషన్ గదికి తోసుకుపోయారు. పొత్తిగుడ్డల్లో చుట్టిన పిల్లను నర్సు నా చేతుల్లో పెట్టింది.

మా వాడు ఉపేంద్ర కుదురుగా కూర్చోలేదు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీకి. ఒక బూటు తాడు ఊడి నేల మీద జీరాడుతోంది. ఫోన్ తీశాడు.

"నాన్నా, ప్లాసెంటా అంటే లాటిన్‌లో కేకంట. పల్చగా, గుండ్రంగా ఉండేది. జర్మన్ వాళ్ళయితే తల్లి కేకు అంటారంట."

"పెళ్ళాం లోపలుంటే కేకులు వెతుకుతున్నావా?"

"ఏదో ఒకటి చదవకపోతే ఉండలేకపోతున్నా. మన వైపు ఏమంటారు?"

"నాకేం తెలుసురా, ఆడోళ్ళ మాటలు."

అబద్ధం. పాడి గేదెల మధ్య పెరిగినవాడికి ఆ మాట తెలియకేం? నోరు రాలేదు. మా అక్క వసుంధర కాన్పుకు నాకు తొమ్మిదేళ్ళు. బిడ్డ వచ్చాడు, అది రాలేదు. మంత్రసాని బొడ్డుతాడు పట్టుకుని లాగడం తలుపు సందులోంచి చూశాను. బండి కట్టేసరికి అక్క చల్లబడింది. ఆ తరవాత మా ఇంట్లో గేదె ఈనినా ఎవరూ ఆ పేరు పలకలేదు. "రెండోది వేసిందా?" అనేవారు. మేనత్త జ్వరంతో పోయిందని ఉపేంద్రకు చెప్పాం.

పిల్ల నోరు తెరిచి నా చొక్కా మీద వెతుక్కుంది. వీళ్ళూ లాగుతున్నారేమో. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చినవాళ్ళ బూట్ల వంకే చూశాను. మొహాల వంక చూసే ధైర్యం లేకపోయింది.

చివరికి ఆ నర్సే వచ్చి ఉపేంద్రతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాడు గోడకు ఆనుకున్నాడు.

"డాక్టర్ చేత్తో తీసేసిందంట నాన్నా. బ్లీడింగ్ ఆగింది. రక్తం ఎక్కిస్తున్నారు. అది చూస్తారా అని అడుగుతోంది. కావాలంటే ఇంటికి కూడా ఇస్తారంట."

"ఇంటికెందుకురా? లోపల ముక్కేమన్నా మిగిలిందేమో తెలియాలి. చూపించమను."

నర్సు ట్రేలో పరిచి అంచు వెంట వేలు తిప్పింది. ఆ వేలితోపాటే నేనూ చూశాను. ఎక్కడా తునక తగ్గలేదు. నిజంగానే రొట్టెలా ఉంది.

"మావి అంటార్రా," అన్నాను. "కొందరు మాయ అంటారు. మీ మేనత్తది జ్వరం కాదు. ఇది పడకే చనిపోయింది."

వాడు ట్రే వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఇందాక అడిగితే చెప్పొచ్చుగా?"

"ఇందాక ఎట్టా చెప్పేది?"

మధ్యాహ్నానికి సింధుజను గదికి తెచ్చారు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఆకలేస్తోంది మావయ్యా," అంది.

ఉన్నది ఆస్పత్రి వాళ్ళిచ్చిన చీజ్ శాండ్‌విచ్. బాలింతకు పెట్టే తిండి కాదు. ఆ మాట అనలేదు. ఉపేంద్ర దాన్ని మూడు ముక్కలు చేసి పెద్దది ఆమెకిచ్చాడు. పిల్ల ఆమె పక్కలో నిద్రపోతోంది. ముగ్గురం తిన్నాం.