గచ్చు మీద మైనం

మార్టన్ బిల్డింగ్ చరిత్ర అని లాబీలో ఓ పలక బిగించారు. క్లీవ్‌లాండ్ నడిబొడ్డున అరవై ఏడేళ్లుగా నిలబడ్డ పన్నెండంతస్తుల ఆఫీసు భవనం అది. పలక మీద కట్టించిన ఇన్సూరెన్సు కంపెనీ పేరుంది, ప్లాను గీసిన ఆర్కిటెక్టు పేరుంది, 1957 అనుంది. గచ్చు వేసినవాడి ఊసే లేదు. ఛీ, ఏం చరిత్ర అది? ఆ గచ్చు వేసింది మా నాన్న, ఎర్మెస్ బెర్టోలి.

లాబీ అంతా ఆకుపచ్చ, తెల్ల రాళ్ల మొజాయిక్. ఇటలీ నుంచి వచ్చిన నాన్న ముఠా నాలుగు నెలలు మోకాళ్ల మీద పాకి వేసింది. పని ముగిశాక వాళ్లు పేరు రాసుకునేవాళ్లు కాదు, ఓ మూలన ఇత్తడి పట్టీ వంచి గుర్తు పొదిగేవాళ్లు. నాన్న గుర్తు పిట్ట. లిఫ్టు పక్కన, అరచేతిలో పట్టేంత.

తర్వాత అదే భవనంలో నేను ముప్పై ఒక్క ఏళ్లు కేర్‌టేకర్‌గా చేశాను. "రాయికి మైనం పూయకురా రెంజో, నీళ్లతో తుడిస్తే చాలు" అని నాన్న మొదటిరోజే చెప్పాడు. మేనేజరుకేమో మెరుపు కావాలి. శుక్రవారం శుక్రవారం మైనం పూశాను, పాతది తీయకుండా దాని మీదే. తీయడానికి బద్ధకం, అంతే. నాన్న ఒకసారి వచ్చి చూసి, వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాడు. నేను రిటైరయ్యేసరికి గచ్చు పొగాకు ఉమ్మిన రంగుకొచ్చింది. నా మీద నాకే రోత.

ఆఫీసులు ఒక్కోటీ ఖాళీ అయ్యాయి, పై అంతస్తుల్లో పావురాలు రెట్టలు వేశాయి. ఇప్పుడెవరో కొని ఫ్లాట్లు చేస్తున్నారు. ఆ పనులు చూసే కెండల్ ప్రూయిట్ అనే అమ్మాయి పాత సంగతులు చెప్పమని నన్ను పిలిచింది.

"రెంజో గారూ, ఈ గచ్చు చూడలేకపోతున్నాం. చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు తెప్పించాం. సోమవారం కప్పేస్తాం."

"అది నేను పూసిన మైనమమ్మా. కింద రాయి చెక్కుచెదరలేదు."

"మీ వయసువాళ్లు అన్నిటికీ అదే మాట అంటారు లెండి."

ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే మైనం కరిగించే మందునీళ్లు, గీకుడు బిళ్ల పట్టుకెళ్లి లిఫ్టు పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను. గోధుమరంగు జిగురు కంపు కొడుతూ లేచింది. రెండు గంటలు గీకితే అడుగు మేర బయటపడింది. ఆకుపచ్చ రాళ్లు, మధ్యలో పిట్ట.

కెండల్ వంగి చూసింది. "అబ్బ, ఇంత బాగుందా?"

"మొత్తం ఇలాగే తేలుతుంది. రెండు వారాలు ఆగండి, నేనే చేస్తాను. జీతం గీతం వద్దు."

ఆమె ఫొటో తీసుకుంది. "పైవాళ్లకి చూపిస్తాను. దీన్ని పోనివ్వం, నాదీ పూచీ."

పిచ్చివాణ్ణి, నమ్మి ఇంటికెళ్లాను.

ప్రారంభోత్సవానికి పిలిచారు. లాబీ నిండా ప్లాస్టిక్ చెక్క, ప్రతి నాలుగో పలక మీదా అచ్చుగుద్దిన ఒకే చెక్క కణుపు. లిఫ్టు పక్కన అడుగు మేర మాత్రం కప్పకుండా వదిలి, చుట్టూ తాడు కట్టి, '1957 నాటి అసలు గచ్చు' అని చీటీ పెట్టారు. వైన్ గ్లాసులతో జనం వంగి చూస్తున్నారు.

"చూశారా, మీ ముక్కని కాపాడాం" అంది కెండల్.

నేనూ వంగాను. ముప్పై ఒక్క ఏళ్లు నా గోళ్లలో ఉన్న వాసన ముక్కుకి తగిలింది. పిట్ట మీద పసుప్పచ్చని మెరుపు.

"దీనికేం పూశారు?"

"ఫొటోల్లో మెరవాలి కదండీ. మెట్ల కింద గదిలో డబ్బా దొరికింది, మూత మీద మీ పేరే ఉంది. ఇంకా సగం మిగిలింది కూడా."

ముందు గుమ్మం దగ్గర కూడా జనమే. నేను వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాను.