ఉప్పు చూడని స్కోన్లు

మా అత్తమ్మ సుల్తానా బేగం మంచిది. ఈ మాట మా గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ చెబుతాను, చెప్పకపోతే మా ఆయన చిన్నబుచ్చుకుంటాడు. మా ఆయన అర్షద్ కూడా మంచివాడే. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఒక్కసారి గొంతు పెంచలేదు. పెంచే అవసరం రానివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఏ మాటనైనా నవ్వుతూ మెత్తగా పక్కకు నెట్టేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ బేకరీలో పనిచేశాను. అక్కడ మా చెఫ్ నేర్పినవాటిలో నా చేతికి బాగా అబ్బినవి స్కోన్లు. స్కాట్లాండ్ వాళ్ళ తిండి. కేక్ కాదు, బిస్కెట్ కాదు, రొట్టె అసలే కాదు. మధ్యకు విప్పి, వెన్నా జామూ రాసుకుని చాయ్‌తో తింటారు. ఓవెన్లు రాకముందు అక్కడి ఆడవాళ్ళు వీటిని ఇనప పెనం మీదే కాల్చేవారని చెఫ్ ఒకసారి చూపించాడు కూడా. ఆ రోజు దాన్ని వింతగా చూశాను. వరంగల్ వచ్చాక అదే పనికొచ్చింది. ఓవెన్ కొందామంటే అర్షద్ నాలుగేళ్ళుగా "కొందాం తీ" అంటూనే ఉన్నాడు. పెనం మాత్రం అత్తమ్మ కాపురానికి వచ్చిననాటి నుంచీ ఇంట్లో ఉంది.

హోటల్లో నాతో పనిచేసిన సింధుది హన్మకొండ. మొన్న చలికాలంలో అక్కడే సుబేదారిలో చిన్న కెఫే తెరిచింది. రంజాన్ మొదలైన వారానికి, ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసింది.

"నీ చేతి స్కోన్లు నాకు ఎరుకే. పండుగ అయినంక వచ్చి చేరు. పొద్దున తొమ్మిదింటికి వస్తే రెండింటికల్లా ఇంట్ల ఉంటవ్. కాకపోతే రేపు పొద్దుగాల్లకల్లా చెప్పాలె. హసన్‌పర్తి నుంచి ఒకామె రోజూ వచ్చి అడుగుతాంది," అంది.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఊరికే నిలబడిపోయాను. నాకు ఆ పని కావాలి. ఎంత కావాలో ఆ క్షణం దాకా నాకే తెలియదు. నాకో విద్య వచ్చు అనే సంగతి నేనే మరిచిపోతున్న రోజులవి. సొరకాయ కూర బాగుందంటే పొంగిపోయే స్థితికి వచ్చాను. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే ఇక ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు.

హాల్లోకి వెళ్ళి చెప్పాను. అత్తమ్మ మంచం మీద తస్బీ పూసలు తిప్పుతోంది. మా మామ ఖాజా పాషా కుర్చీలో పేపర్ చదువుతున్నారు. ఆయన ధాన్యం మార్కెట్‌లో కాంటా వేసే పనిచేసి మానేశారు. ఎవరి సరుకునైనా ఒక్క గింజ తేడా లేకుండా తూచేవారని పేరు. ఇంట్లో మాత్రం ఏ పక్కా మొగ్గరు.

అర్షద్ నా మాట పూర్తిగా విన్నాడు. వినడంలో అతనికి లోటు లేదు.

"నాదేమున్నది? నేనెందుకు వద్దంట? ఒక పని చెయ్. ఇయ్యాల ఇఫ్తార్‌కు అవి చెయ్యి. అమ్మ తిని మంచిగున్నయంటే పో. మంచిగ లేవంటే ఇగ ఈ ముచ్చట తియ్యొద్దు. సరేనా?"

న్యాయంగానే తోచింది. అందరి ముందూ సరే అన్నాను. తినేవాళ్ళు అబద్ధం చెప్పినా తిండి చెప్పదనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రపు అసర్ నమాజ్ కాగానే పని మొదలుపెట్టాను. మార్చి ఎండకు వెన్న కరిగిపోకుండా ముందే డీప్ ఫ్రిజ్‌లో పెట్టాను. చేతులు ఐసు నీళ్ళలో ముంచి తుడుచుకుని, మైదాలో కాస్త సోడా, చారెడు చక్కెర వేసి, వెన్న ముక్కల్ని వేళ్ళ కొసలతో నలిపాను. పిండీ వెన్నా కలిసి రవ్వలా రాలాలి. అరచెయ్యి తగిలితే వేడికి వెన్న కరిగి అంతా ముద్దవుతుంది. తరువాత పుల్లటి మజ్జిగ పోసి, కలిసీ కలవనట్టు దగ్గరికి తియ్యాలి. అంతే.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చపాతీ పిండి పిసికీ పిసికీ చేతులు కాయలు కాసిన మనిషి.

"గట్ల కొసగోర్లతోని ముట్టుకుంటే పిండి ఎట్ల కలుస్తదే? పిడికిలి పెట్టి గుద్దు."

"గుద్దద్దు అత్తమ్మా. దీన్ని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిగ వస్తది."

"ఒళ్ళు వంచనోళ్ళు కనిపెట్టినట్టున్నరు," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెతో నవ్వు వచ్చే రోజులు చాలానే ఉన్నాయి, కాదనను.

చిక్కు ఉప్పు దగ్గర వచ్చింది. హోటల్లో ఉప్పు లేని వెన్న వాడేవాళ్ళం. మా వీధి దుకాణంలో దొరికే వెన్నలో ఉప్పు ఉంటుంది. అది ఎంతో, పైన ఎంత వెయ్యాలో నాలుక మీద పెట్టుకుంటే తప్ప తెలియదు. నాకు రోజా, పొద్దుగూకేదాకా ఏదీ నోట పెట్టకూడదు.

"ఉప్పు ఎట్లున్నదో తెలుస్తలేదు అత్తమ్మా," అన్నాను.

"మొగుడు కోపిష్టోడైతే ఆడది నాలుక కొసకు తాకిచ్చి చూసి ఉమ్మెయ్యచ్చు. రోజా పోదు. మా అమ్మ గట్లనే చూసేది. ఉప్పు తక్కువైతే మా నాయిన పళ్ళెం ఇసిరికొట్టేటోడు."

"మరి అర్షద్ కోపిష్టోడు కాదు గదా."

"ఏడ కోపం? నా కొడుకు బంగారం," అంది అత్తమ్మ.

కోపిష్టి మొగుడున్నదానికి ఆ వెసులుబాటు ఉంది. నెమ్మదస్తుడి పెళ్ళానికి లేదు. చిటికెడు ఉప్పు అందాజాగా వేసి, రుచి చూడకుండానే పిండిని బొటనవేలు మందాన గుండ్రంగా తట్టి, కత్తితో నాలుగు ముక్కలు కోశాను. అలాంటివి రెండు గుండ్రాలు, ఎనిమిది ముక్కలు. పెనం మీద పిండి చల్లి, అది లేత గోధుమ రంగు తిరిగాక ముక్కలు పేర్చి, మంట బాగా తగ్గించాను. ముక్కలు నెమ్మదిగా పొంగాయి. అంచుల తడి ఆరాక తిప్పాను. వాసన ఇంటి నిండా పరుచుకుంది. ఉపవాసపు కడుపుతో ఆ వాసన పీల్చడం ఒక శిక్షే. మెత్తదనం పోకుండా తువ్వాలలో చుట్టి, భోజనానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ మీద పెట్టాను, పక్కన వెన్న, జామ్.

అజాన్ అయింది. నేను ఖర్జూరంతో రోజా విడిచి, గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళాను. పకోడీలు వేడివేడిగా పడాలి కదా, లేకపోతే ఇఫ్తార్ ఎలా అవుతుంది? పకోడీలయ్యాక షర్బత్, షర్బత్ అయ్యాక మగవాళ్ళు మసీదుకు, నేను నమాజ్‌కు. కోడలు ఆఖరున తినడం ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎవరూ తీసేసిందీ కాదు. నేను వచ్చేసరికి తువ్వాలలో పొడి మాత్రం ఉంది.

మగవాళ్ళు తిరిగొచ్చాక అర్షద్ అడిగాడు. "ఎట్లున్నయే అమ్మా?"

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఏమున్నది బిడ్డా. పిండి పిండి. ఉప్పు లేదు, తీపి లేదు. జరాలున్నోళ్ళకు పెట్టే పథ్యమోలె ఉన్నయ్. నాకైతే గొంతు దిగలే."

"అన్నీ అయిపోయినయ్ గదా అత్తమ్మా," అన్నాను.

"ఆకలి రుచెరుగదు," అంది.

మామ పేపర్ అందుకున్నారు. నేను అర్షద్ వైపు చూశాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు. చానొద్దులకు చేసినవ్, అలవాటు తప్పింది. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

వాదించడానికి నా దగ్గర ఏముంది? ఒక్క ముక్క, కనీసం ఒక్క కొస నా నోట్లో పడి ఉంటే గొంతు చించుకుని అరిచేదాన్ని. నేను చేసిన తిండి ఎలా ఉందో ఆ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే. ఉప్పు నిజంగానే తగ్గిందేమో అనుకున్నాను. సోడా ఎక్కువైందేమో, పెనం మరీ వేడెక్కిందేమో. ఒకసారి అనుమానం మొదలైతే దానికి అంతుండదు. చెయ్యి పోయిందని నేనే తీర్మానించుకున్నాను. పొద్దున, తెల్లారకముందు తిన్న సెహ్రీ గిన్నెలు కడిగి సింధుకు రాలేనని మెసేజ్ పెట్టాను. మధ్యాహ్నానికల్లా హసన్‌పర్తి ఆమెను పెట్టుకుంది.

ఆ రంజాన్ మిగతా రోజులు ఎలా గడిచాయో చెప్పను. వంటింట్లో మైదా డబ్బా కనిపిస్తే ముఖం తిప్పుకునేదాన్ని.

పండుగ ముందు రోజు సాయంత్రం నెలవంక కనపడ్డ సంతోషంలో అర్షద్ వంటింట్లోకి వచ్చాడు. అతను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాడు.

"రేపు మా శ్యాంసుందర్ సార్, మేడం వస్తాన్రు. సార్ లండన్ దిక్కు తిరిగొచ్చినాయన. షీర్ ఖుర్మా అందరిండ్లల్ల ఉంటది. నువ్వు ఆనాడు చేసినయ్ చూడు, స్కోన్లు, అవి చెయ్యి."

"అవి మంచిగ లేవంటిరి గదా."

"చెయ్ తీ. సార్‌కు మంచిగనిపిస్తది."

పక్క గదిలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ఆనాడు చేసినట్టే చెయ్యి బిడ్డా. ఏం మార్చకు."

ఏం మార్చలేదు. అదే మైదా, అదే దుకాణం వెన్న, అదే చిటికెడు ఉప్పు. పండుగ నమాజ్ నుంచి మగవాళ్ళు వచ్చేసరికి మొదటి వాయి దించాను. ఆ రోజు రోజా లేదు. పెనం మీద నుంచి తీసిన మొదటి ముక్కను నిలబడే విరిచాను. పైన పలచటి పొర పుటుక్కున విరిగింది, లోపలి నుంచి ఆవిరి వచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. మెత్తన, వెనకాల మజ్జిగ పులుపు, ఉప్పు సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ. హోటల్లో కూడా ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. సంతోషం రావాలి కదా, సింధుకు పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది.

అత్తమ్మ వచ్చి చేత్తో ఒకటి అందుకుని, ఊదుకుంటూ కొరికింది.

"ఆనాడు కూడా గిట్లనే ఉండెనా?" అని అడిగాను.

"ఆనాటియి ఇంకింత మెత్తగుండె. నేను మూడు తిన్న, అర్షద్ మూడు తిన్నడు. మీ మామకు రెండే మిగిలినయ్."

"గొంతు దిగలే అన్నవ్."

ఆమె తడబడలేదు. పీట లాక్కుని కష్టంగా కూర్చుంది. "కాపురానికొచ్చిన కాన్నుంచి ఈ పొయ్యి కాడ్నే నిలబడ్డ. మోకాళ్ళు అరిగిపోయినయ్. నువ్వు వచ్చినంక గింత కూసున్న. నీకిచ్చిన పొయ్యి మల్ల నన్నే తీస్కోమంటవా?"

"రెండింటికల్లా వస్తనంటి గదా అత్తమ్మా."

"ఇయ్యాల రెండంటరు. దుకాణం మంచిగ నడిస్తే ఆరంటరు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మంటను ఆమె మీదికి పూర్తిగా మళ్ళించలేకపోయాను. ఆ వాచిన మోకాళ్ళకు రోజూ నూనె రాసేది నేనే, అవి ఎంత అరిగాయో నాకు తెలుసు. ఆమె తన కాళ్ళ కోసం అబద్ధమాడింది. మూడు ముక్కలు తిన్న బంగారం లాంటి కొడుకు ఎందుకాడాడు? అతని కాళ్ళకేం రోగం?

అప్పుడే అర్షద్ కొత్త కుర్తా సర్దుకుంటూ వచ్చాడు. "సార్ వాళ్ళు వచ్చిన్రు. జల్ది."

"ఆనాడు మూడు తిన్నవంట. మంచిగున్నయా, లేవా?"

"పండుగ పూట ఆ ముచ్చటెందుకు? అమ్మ చెప్పింది గదా."

"అమ్మ చెప్పింది నేనిన్న. నువ్వేమంటవని అడుగుతాన."

"సల్లారుతయ్, తీస్కరా," అని నవ్వి వెళ్ళిపోయాడు. అత్తమ్మ నా వైపు చూడకుండా చేతిలోది తినడం పూర్తిచేసింది.

పళ్ళెం తీసుకెళ్ళి హాల్లో పెట్టాను. శ్యాంసుందర్ సార్ ఒకటి విప్పి వెన్న రాసుకుని, తింటూనే తల ఊపారు. వాళ్ళావిడ పద్మలత మేడం రెండోది కూడా తీసుకున్నారు.

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా? ఇంట్ల చేసినవంటే ఎవ్వరు నమ్మరు. సుబేదారిల కొత్త కెఫే పెట్టిన్రు చూడు, అక్కడ కూడా తిన్న మొన్న. రాయిలెక్కున్నయ్. నువ్వు గిసొంటి పని ఏదన్న ఎందుకు చేస్తలేవు?"

నేను నోరు తెరిచేలోపే అర్షద్ అందుకున్నాడు. ఎప్పటిలాగే మెత్తగా, నవ్వుతూ.

"నేను ఎప్పటిసంది చెప్తాన మేడం, చెయ్యి చెయ్యి అని. ఆమెకే ఇష్టం లేదు. ఇల్లు ఇడిచిపెట్టి పోనంటది."

మామ తల దించుకుని చాయ్ కప్పులోకి చూస్తున్నారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ అత్తమ్మ ముఖం కూడా ఒక్క క్షణం మాడిపోయింది. ఇంత పెద్ద అబద్ధమాడతాడని ఆమె కూడా అనుకోలేదు కాబోలు.

"నాకు ఇష్టమే మేడం," అన్నాను. "వీళ్ళే పోనియ్యలేదు. మంచిగున్నయని తెలిసి, మంచిగ లేవని చెప్పిన్రు."

మేడం నా ముఖంలోకీ అర్షద్ ముఖంలోకీ చూశారు. అర్షద్ పకపకా నవ్వాడు. దాంతో మేడం కూడా నవ్వారు, సార్ కూడా.

"మొగుణ్ణి మంచిగనే ఆటపట్టిస్తాంది," అన్నారు మేడం కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దరు ఇద్దరే." తరువాత పళ్ళెం వైపు చూసి, మొహమాటపడుతూనే, ఇంట్లో పిల్లలున్నారు, మిగిలినవి కట్టిస్తావా అని అడిగారు.

కట్టిచ్చాను.