మట్టిలో బొటనవేలు

గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని గేమ్యా పిడికిలి బిగించాడు. తెరిస్తే అరచేతిలో ముద్ద నిలిచింది, దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు పడ్డాయి. ఇక దాన్ని మధ్యకు విరవాలి. విరిగిన అంచు పొడిపొడిగా రాలకూడదు. వేళ్లకు చల్లదనం తగలాలి కాని తడి అంటకూడదు. అంచు కళ్లకు బాగానే కనిపించింది. చల్లదనం మాత్రం తగల్లేదు.

"నీకేం తెలిసిందో చెప్పు సూద్దాం" అంటూ ఆ సగం ముద్దను శాంతమ్మ చేతిలో వేశాడు.

శాంతమ్మ జల్లెడ పక్కన పెట్టి, ముద్దను వేళ్ల మధ్య నలిపింది. "తడెక్కువైందన్నా. ఇంకో తట్టెడు పొడి మట్టి కలపాలె."

"నేను సుత అదే అనుకున్న" అన్నాడు గేమ్యా.

పోయిన వానకాలం నుంచి ప్రతి పొద్దునా ఇదే తంతు. చూసేవాళ్లకు పెద్ద పనివాడు చిన్న పనిమనిషికి పరీక్ష పెడుతున్నట్టు ఉంటుంది. అలా ఉండాలనే గేమ్యా కోరిక.

ఈ పనిలోకి వచ్చిన నాడు అతని దగ్గర వేళ్లు తప్ప వేరే పెట్టుబడి లేదు. నిడమనూరు దగ్గర తండా నుంచి మిర్యాలగూడ వచ్చి, రైసుమిల్లుల వెనక ఇనుము పోత పోసే ఈ చిన్న ఫౌండ్రీలో బొగ్గు మోసే పనికి కుదిరాడు. అప్పటి మేస్త్రీ ఒకనాడు సరదాకు అతని చేతిలో మట్టి పెట్టి ఎలా ఉందని అడిగాడు. గేమ్యా చెప్పాడు. మరునాడు మళ్లీ అడిగాడు, మళ్లీ సరిగ్గా చెప్పాడు. ఆ మేస్త్రీ బతికి ఉన్నంతకాలం మెచ్చుకోలేదు గాని, బొగ్గుతట్ట మాత్రం మళ్లీ మోయనివ్వలేదు. అప్పటి నుంచి అచ్చులు తీసే మట్టిపెట్టెలు గేమ్యావి. మిల్లులకు కావలసిన చక్రాలు, పళ్ల చక్రాలు, బేరింగు గూళ్లు అతను పరిచిన మట్టిలోనే కరిగిన ఇనుము పోసుకుని పుట్టాయి. ఇద్దరు పిల్లల చదువులూ తండాలో రేకుల ఇల్లూ ఆ వేళ్ల మీదే వచ్చాయి.

వాడిన పెట్టుబడి తరుగుతుంది. సగం షుగరు తినేసింది, సగం బట్టీ వేడి తినేసింది. ఒకరోజు నిప్పురవ్వ వేలి మీద పడితే, కమురు వాసన వచ్చాక గాని అతనికి తెలియలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తండాలో ఉన్న భార్య తారాకు తప్ప. పని మానేసి వచ్చెయ్యమని ఆమె అప్పటి నుంచీ పోరుతూనే ఉంది. ఈ పోతతో సరి అని చివరికి గేమ్యా ఒప్పుకున్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి.

ఎండ ఎక్కకముందే యజమాని దేవేందర్ ట్రాలీ ఆటోలో విరిగిన చక్రం ఒకటి తెచ్చి దింపించాడు. మూడు ముక్కలు. బైపాసు దగ్గరి మిల్లుది. రాత్రి నడుస్తూ నడుస్తూ విరిగిందట. యాసంగి వడ్లు వస్తున్న రోజులు, మిల్లు ముందు లారీలు బారు కట్టాయి. శాంతమ్మ భర్త జంగయ్య ఆ మిల్లులోనే హమాలీ. చక్రం తిరిగితే గాని వాళ్ల హమాలీ ముఠాకు మోయడానికి బస్తా దొరకదు.

దేవేందర్ తిట్లన్నీ ఇనుముకే. సూర్యాపేట నుంచి వచ్చే పాత సామాను ఈమధ్య చెత్తగా ఉంటోందని, మంచి ఇనుము దొరక్క ఇలా జరుగుతోందని అన్నాడు. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పాడు. గేమ్యా పోయాక మట్టిపని ఖతం. ఈ కొట్టం కూడా ఫైబరు పనికే ఇస్తాడు. పక్క కొట్టంలో కోదాడ నుంచి వచ్చిన సుధీర్ ఫైబరు గుడ్డా జిగురూ పొరలు పొరలుగా అచ్చు మీద పరిచి మిల్లులకు తొట్లు, మూతలు చేస్తున్నాడు. దానికి బట్టీ అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. జల్లెడ పట్టే మనిషి అసలే అక్కర్లేదు.

శాంతమ్మ జల్లెడ ఆగింది. మళ్లీ మొదలైంది.

గేమ్యా ముక్కల పక్కన కూర్చున్నాడు. చక్రం నడిమి దిమ్మ మీద చింతగింజంత ఉబ్బు ఉంది, అడ్డంగా చిన్న గీతతో. అది అతని బొటనవేలే, గీత ఆ వేలి మీది పాత గాటుది. ఈ కొట్టంలో పెట్టె మూసే ముందు మట్టిని పరిచినవాడు దిమ్మ దగ్గర బొటనవేలు ఒత్తాలి. ఇనుము ఆ గుంటను నింపుకుని ఉబ్బుగా బయటికి వస్తుంది. చక్రం ఎక్కడ విరిగినా, చేసినవాడు ఎవడో ముద్ర చెబుతుంది.

విరిగిన చోట ఇనుములో సన్నని చిల్లులు కనిపించాయి, పురుగు తొలిచినట్టు. చెత్త ఇనుము అలా విరగదు. తడి మట్టి మీద ఇనుము పడినప్పుడు లేచిన ఆవిరి పోవడానికి దారి లేక లోపలే చిక్కుకున్న గుర్తులవి. ఆ చక్రం ఎప్పుడు పోసిందో గేమ్యాకు గుర్తుంది. శాంతమ్మ చేతిలో మట్టి పెట్టడం మొదలుకాక ముందటిది.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఏ నష్టమూ లేదు. మంచి పేరుతో సాయంత్రం బస్సెక్కవచ్చు. తప్పు సూర్యాపేట ఖాతాలో పడుతుంది. కాని ఆ పేరు తండాలో దేనికి పనికొస్తుంది? మేకలకు మేతవుతుందా? ఇక్కడైతే దానితో ఒకటి కొనవచ్చు. అదీ ఇవాళే, దానికింకా విలువ ఉండగానే.

"సేటు, తప్పు ఇనుముది కాదు" అన్నాడు. "మట్టిది. తడి ఎక్కువైంది. నా వేళ్లకు స్పర్శ లేదు. పోయిన వానకాలం సంది మట్టి సూసుడంతా శాంతమ్మదే. అప్పటి సంది పోసినవాటిల ఒక్కటన్న ఇరిగిందా?"

దేవేందర్ ముక్కల పక్కన వంగాడు. చిల్లుల మీద వేలితో రాసి చూశాడు. గేమ్యాను చూశాడు. శాంతమ్మ తల ఎత్తలేదు.

"గీ చక్రం ఆమె చేస్తది. ఆమె బొటనవేలే పడ్తది" అన్నాడు గేమ్యా. "మంచిగొస్తే మట్టిపని ఆమెకియ్యి, కొట్టం తియ్యకు. రాకపోతే నీ ఇష్టం."

"ఆడమనిషి ముద్ర ఉన్న చక్రం మిల్లోడు తీసుకుంటడా?" అన్నాడు దేవేందర్.

"మిల్లోనికి చక్రం తిరుగుడు గావాలె సేటు. ముద్ర దేవులాడుకునేది ఇరిగినంకనే."

దేవేందర్‌కు నవ్వొచ్చింది. వ్యాపారికి అర్థమయ్యే మాట అది. సరే పొమ్మన్నాడు.

మట్టిలో అచ్చు తీయడానికి ఈ చక్రానికి ఉన్న కర్ర నమూనా చెదపట్టి పోయింది. విరిగిన ముక్కలనే అతికి నమూనాగా వాడాలి. కాని ఇనుము చల్లారితే తరుగుతుంది. ఉన్నది ఉన్నట్టు మట్టిలో పెడితే కొత్త చక్రం పాతదానికంటే చిన్నదై కూర్చుంటుంది. తరిగేంత ముందే కలిపి ఉంచాలి. అందుకు సుధీర్ వచ్చాడు. ముక్కలను జిగురుతో అతికి, అంచు చుట్టూ ఫైబరు గుడ్డ పలచగా పరిచి, చిన్న రోలరుతో ఒత్తుతూ లోపలి బుడగలన్నీ బయటికి తోశాడు.

"గాలి మిగిలితే మా పనీ ఇంతే పెద్దాయనా" అన్నాడు. "మీకు ఇనుము విరుగుద్ది, మాకు పెచ్చు లేస్తది. ఇద్దరికీ ఒకడే శత్రువు."

దిమ్మ మీదున్న తన పాత ముద్రను ఆకురాయితో అరగదీయమని గేమ్యా శాంతమ్మకు చెప్పాడు. లేకపోతే అది కూడా మట్టిలో అచ్చు పడుతుంది. ఆమె తల ఊపింది.

తరువాత పని అంతా ఆమెది. నమూనా చుట్టూ మొదట మెత్తటి మట్టి చేత్తో పరిచింది, పైన ముతక మట్టి వేసి దిమ్మిసతో కొట్టింది. అంచుల దగ్గర గట్టిగా, నడుమ మెల్లగా. సన్నని ఊచతో ఆవిరి దారులు పొడిచింది. గేమ్యా బోర్లించిన డబ్బా మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. వేళ్లకు స్పర్శ పోయినా దురద పోలేదు. ఊచ ఇంకో రెండు చోట్ల గుచ్చమని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమే గుచ్చింది.

నమూనాను లేపే ఘడియ వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ మెల్లగా తట్టి, ఊపిరి బిగబట్టి పైకి తీసింది. మట్టి ఎక్కడా చెదరలేదు. ఇనుముకు మట్టి అంటకుండా నల్లపొడి చల్లింది. కొంగుకు బొటనవేలు తుడుచుకుని, దిమ్మ దగ్గర ఒత్తింది.

"ఇంకా గట్టిగ" అన్నాడు గేమ్యా. "భయపడితే ముద్ర లేవదు."

ఆమె మళ్లీ ఒత్తింది.

మధ్యాహ్నం బట్టీ నోరు తెరిచారు. ఇద్దరు మనుషులు పొడవాటి కాడల తొట్టితో కరిగిన ఇనుము మోసుకొచ్చి పోశారు. ఆవిరి దారుల్లోంచి నీలి మంటలు వచ్చి ఆరిపోయాయి. పెట్టెలోంచి బుడబుడ వినిపించలేదు. ఆ శబ్దం రాకపోతే సగం గెలిచినట్టే. మిగతా సగానికి చల్లారేదాకా ఆగాలి.

ఆ ఎదురుచూపులో ఇద్దరూ తెచ్చుకున్న సద్దులు విప్పారు. శాంతమ్మ పచ్చిపులుసు అతని గిన్నెలో పోస్తూ అంది. "రోజూ పరీక్ష పెడ్తున్నవ్. ఫలితం ఎప్పుడు చెప్తవన్నా?"

గేమ్యా చెయ్యి ఆగింది. "నీకు ఎప్పటి సంది ఎరుక?"

"మొదటి దినం సంది. ముద్ద నా చేతిల పెట్టినంక నీ వేళ్లు సూసిన. తడి మట్టి అంటుకునే ఉంది. నువ్వు తుడుసుకోలే."

అతను పులుసు అన్నంలో కలుపుకున్నాడు. ఎవరైనా అడిగితే చెప్పేసేదానివి కదా అన్నాడు. ఎవరూ అడగలేదు గదా అని ఆమె నవ్వింది.

ఎండ వాలాక పెట్టె విప్పారు. కాలి నల్లబడిన మట్టిని రాల్చి, చక్రాన్ని కొక్కేనికి వేలాడదీశారు. దేవేందర్ తనే సుత్తి అందుకుని అంచు మీద తట్టాడు. లోపల చిల్లులుంటే శబ్దం చప్పగా చస్తుంది. ఇది మోగింది. మరో చోట తట్టాడు. మోగింది. గుండ్రంగా తిరుగుతూ అన్నిచోట్లా తట్టి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"రేపు పొద్దుగాల్నే రా శాంతమ్మ" అన్నాడు. "ఇంకో ఇద్దరు మిల్లోళ్లు అడుగుతున్నరు. జల్లెడకు వేరే మనిషిని సూసుకో."

అంతలో చక్రం తీసుకుపోవడానికి జంగయ్య వచ్చాడు. సంగతి విని భార్యను కిందికీ పైకీ చూశాడు. "బాగుంది. ఇగ మిల్లు ఆగినప్పుడల్లా ముఠా అంత నా ఇంటి మీదికే వస్తది తిట్టనీకి" అన్నాడు. అన్నాడే గాని, చక్రాన్ని ఆటోలోకి ఎత్తేటప్పుడు వేరేవాళ్ల చేయి పడనివ్వలేదు.

అప్పుడే దేవేందర్ కంటపడింది. "గిదేంది, రెండున్నయ్?"

దిమ్మ మీద పక్కపక్కన రెండు ఉబ్బులు. గేమ్యా శాంతమ్మ వైపు చూశాడు. ఆకురాయి పట్టమన్నాను కదా అని అడగబోయాడు.

"మర్సిపోయిన సేటు" అంది శాంతమ్మ, మట్టి పోగు చేస్తూ.

ఆమె మరచిపోయే మనిషి కాదని గేమ్యాకు తెలుసు. గిన్నె కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. చిన్న తాపీని కూడా పెట్టుకోబోయి, తీసి ఆమె పెట్టె మీద ఉంచాడు. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "పాసైనవ్" అన్నాడు. నిడమనూరు బస్సు అప్పటికే మలుపు దగ్గర హారన్ కొడుతోంది.

కిటికీ పక్కన కూర్చుని లెక్క చూసుకున్నాడు. వచ్చిన నాడు వేళ్లున్నాయి, పేరు లేదు. మధ్యలో పేరు వచ్చింది, వేళ్లు పోయాయి. ఇవాళ ఆ పేరు కూడా ఖర్చయింది. అయినా చేయి ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు. మట్టి ఎలా ఉందో రేపు పొద్దున అక్కడ ఒకరు చెబుతారు. వాళ్ల మాట నిజమే అవుతుంది.

మిల్లు పక్కన లేతు షాపు గడప ముందు చక్రం దింపారు. నడిమి రంధ్రం చెక్కించుకునే వంతు కోసం అది అక్కడే పడి ఉంది, ఇంకా వెచ్చగా. దిమ్మ మీద రెండు బొటనవేళ్లు. గీత ఉన్న పాతది కాస్త తరిగింది. కొత్తది చిన్నదే అయినా నిండుగా లేచింది.