పొట్టేలుకు కొట్టిన టెంకాయ

గురుమూర్తి దగ్గర పొట్టేలు పేరెత్తితే చాలు, ఒళ్లు మండిపోయేది. పొట్టేలంటే గడ్డి మేసే పొట్టేలు కాదండీ. నూటపది కిలోల ఇనుము, నాలుగు చక్రాలు, ముందువైపు గిర్రున తిరిగే ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ముకు ఉక్కు పళ్లు. రిమోటు పట్టుకుని బరిలోకి వదిలితే ఎదుటి రోబోను కుమ్మి కుమ్మి వదిలిపెట్టడం దాని పని. దాన్ని కాగితం మీద గీసిందీ, బరిలో నడిపేదీ మార్త. ఆమెది వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే చర్చి నుంచి నేరుగా జిగణిలో గురుమూర్తి వెల్డింగ్ షాపుకు వచ్చి వాలిపోయేది. బ్యాటరీలు, వైర్లు ఆమె స్నేహితుడు కౌశల్ చూసుకునేవాడు. ఇనుము కోయడం, అతకడం గురుమూర్తి వంతు.

పోయినేడు దసరా వెళ్లీ వెళ్లగానే పోటీ జరిగింది. మొదటి ఆటలో, మొదటి దెబ్బకే, పొట్టేలు పన్ను ఒకటి ఊడి ఎగిరి బరి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడకు ఠంగున తగిలింది. విరిగింది పన్ను కాదు. సరిగ్గా అతుకు దగ్గర పగిలింది. అంతమంది చూస్తుండగా అతుకు ఊడితే వెల్డరుకు తల కొట్టేసినట్టు ఉండదా? మార్త పల్లెత్తు మాట అనలేదు. "పోనీలెండి అంకుల్, నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ 'పోనీలెండి' ఏడాది పొడుగునా ఆయన చెవిలో జోరీగలా రొద పెట్టింది.

ఆ పోటీకి కొంచెం ముందే ఆయన కంటికి ఆపరేషన్ అయింది. చూపు బ్రహ్మాండంగా ఉందని డాక్టరు చెప్పాడు గానీ వినే మనిషా? చూపు పోయిందో, చెయ్యి పోయిందో, రెండిట్లో ఏదో ఒకటి పోయిందని తనకు తానే తేల్చేసుకున్నాడు. గేట్లు, గ్రిల్లులు కూడా షాపులో పెద్ద పనివాడు మహేశ్‌కే వదిలేసి, తను కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద చిరాకు పడటం మొదలుపెట్టాడు. మహేశ్ వెల్డింగ్ చేస్తుంటే అటు చూసేవాడు కూడా కాదు. మెరుపు కనబడితే మొహం తిప్పుకునేవాడు.

ఈ ఏడు మార్త మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పళ్లు మీరే పెట్టాలి అంకుల్."

"మహేశ్ ఉండాడు గదమ్మా, వానికి చెప్పు. నా చేతిలో పస లేదు."

"మీరు చెయ్యకపోతే నేనసలు ఎంట్రీయే ఇవ్వను. పొట్టేల్ని స్క్రాప్‌కి వేసేస్తా."

మొండిఘటం. అన్నంత పనీ చేసేరకం. సణుక్కుంటూనే గురుమూర్తి వెల్డింగ్ హోల్డరు చేతిలోకి తీసుకున్నాడు. అతుకు వేస్తూ మనసులో ఒట్టు పెట్టుకున్నాడు: ఈసారి గనక ఊడితే హోల్డరు మళ్లీ ముట్టేది లేదు, షాపు మహేశ్‌కు అప్పగించి ఇంట్లో టీవీ ముందు కూలబడటమే. ఈ సంగతి భార్య హనుమక్కకు కూడా చెప్పలేదు. చెప్తే ఏమంటుందో అని కాదు, చెప్పడానికే సిగ్గేసింది.

పోటీ హొసకోటె దగ్గర ఒక పెద్ద హాల్లో. పొద్దున్నే సెమీఫైనల్. ఆట జరుగుతున్నంతసేపూ గురుమూర్తి తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఇనుము మీద ఇనుము పడ్డ ప్రతిసారీ ఆయన గుండె ఎగిరిపడింది. పొట్టేలు గెలిచిందని కౌశల్ వచ్చి భుజాలు పట్టి ఊపితే తప్ప తల ఎత్తలేదు.

"గెలిచాం అంకుల్! కానీ ఒక పన్ను పోయింది."

గుండెల్లో రాయి పడింది. పరుగున వెళ్లి డ్రమ్ము మీదికి వంగి చూశాడు. పన్ను సగానికి విరిగింది. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు, మొదలు అలాగే పట్టుకుని ఉంది. "అబ్బ" అనుకున్నాడు గానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. మొదలు కోసేసి కొత్త పన్ను పెట్టాలి. సాయంత్రం ఫైనల్. ఎదుట నిలబడేది మైసూరువాళ్ల రోబో గండభేరుండ. ఆ దెబ్బలన్నీ ఈ కొత్త అతుకు మీదే పడతాయి.

హాలు వెనక వెల్డింగుకు వదిలిన రేకుల షెడ్డులో పని మొదలైంది. డ్రమ్మును ఊడదీసి, గ్యాసు మంటతో ముందు బాగా వేడెక్కించాడు. కొత్త పన్ను నిలబెట్టి, ముసుగు దించి, హోల్డరు అందుకున్నాడు. చెయ్యి వణుకుతుందేమోనని కాసేపు దాన్నే చూశాడు. వణకలేదు. అయినా నమ్మకం కలగలేదు. పోయినేడు మాత్రం వణికిందా ఏమిటి?

అతుకు పూర్తవగానే డ్రమ్మును తొట్టెలో పెట్టి, షాపు నుంచి గోనెసంచిలో తెచ్చుకున్న బూడిద పైన గుమ్మరించాడు. ఇంత గట్టి ఉక్కును కాల్చి అతికాక బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. గాలి తగలకూడదు, తడి తగలకూడదు. బూడిదలో పడి తనంతట తాను నిదానంగా చల్లారాలి.

"సాయంత్రం దాకా దీన్ని ఎవురూ ముట్టద్దండప్పా" అని అందరికీ గట్టిగా చెప్పి మొహం కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి హనుమక్క అక్కడుంది. ఇంటినుంచి క్యారియర్లో చిత్రాన్నం కట్టుకుని, చేతిసంచిలో కుంకుమ భరిణె, టెంకాయ పెట్టుకుని బస్సు దిగి నేరుగా వచ్చేసింది. పోటీకి రావడం ఆమెకు ఇదే మొదలు. అప్పటికే టెంకాయ కొట్టేసింది. బూడిదను ఒకపక్కకు నెట్టేసి, చిప్పను డ్రమ్ము మీదికి వంచుతోంది.

"ఏయ్! పొయ్యద్దు!"

గురుమూర్తి ఒక్క దూకు దూకి ఆమె చెయ్యి ఇవతలికి లాగాడు. నీళ్లన్నీ ఆయన చొక్కా మీద పడ్డాయి. మార్త, కౌశల్ పరిగెత్తుకొచ్చారు.

"ఏందయ్యా, పిల్లల ముందర ఇట్ల కేకలు? బేజారైతుంది మనిషికి" అంది హనుమక్క, గబగబా బూడిద మళ్లీ కప్పేస్తున్న మొగుడిని చూస్తూ. "నీళ్లు పోసేది ఇదేమన్నా కొత్తనా? పోయినేడు ఆయుధపూజకు గూడా పోస్తి గదా!"

గురుమూర్తి చెయ్యి బూడిదలోనే ఆగిపోయింది.

"దేనికి పోస్తివి?"

"దీనికే. నువ్వు పూజకని స్నానానికి పోతివి. నేను డ్రిల్లుకు, కటింగ్ మిషనుకు, అన్నిటికీ బొట్లు పెట్టి టెంకాయ కొట్టుకుంటా వస్తి. ఇదొకటే బూడిదలో పడుండె. పండగపూట బూడిదేంది, అశుభం అని ఇంత పక్కకు నూకి, నీళ్లు పోసి, బొట్టు పెడ్తి. పోస్తానే చుయ్‌మనింది చూడు, ఎంత పొగ లేచె! దేవుడు సంతోషపడినాడు అనుకుంటి. మళ్ల నువ్వు అరుస్తావని ఎట్లుండెనో అట్లే కప్పెట్టేస్తి."

గురుమూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు స్నానం చేసి వచ్చాక, చల్లారిన డ్రమ్మును బూడిదలోంచి తీస్తే దానికి ఎర్రగా కుంకుమ అంటుకుని ఉంది. పూజ కదా, ఉంటుందిలే అనుకున్నాడు. కాలుతున్న గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఆ ఉక్కుకూ అదే అయింది. కంటికి కనపడని పగులు లోపలే పడి ఉంటుంది. మొదటి దెబ్బకు బయటపడింది.

"ఆంటీ... మీరా!" అని మార్త అక్కడే బల్ల మీద కూలబడి పగలబడి నవ్వింది. కౌశల్ తల పట్టుకున్నాడు.

గురుమూర్తి భార్య మీద మండిపడదామని నోరు తెరిచాడు. మండిపడటం ఆయనకు కొత్తేమీ కాదు, మాటలు వెతుక్కోవాల్సిన పనే లేదు. అయినా కోపం రాలేదు. కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

"నా చెయ్యి కాదే" అన్నాడు. "నా చెయ్యి కాదు, నా కన్నూ కాదు. ఏడాదిగా నేను... చేతగానోణ్ణి అయిపోయినానని..."

హనుమక్క మొహంలో రంగు పోయింది. చిప్ప పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. "నా వల్లనే ఊడిందా అది? ఒక మాట నాతో అనింటే అప్పుడే చెప్పేదాన్ని గదయ్యా! సుమ్నే, ఊరికే మూతి ముడుచుకుని కూర్చుంటివి. నేను కంటి నొప్పేమో అనుకుంటి."

ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు. కొంగుతో ఆయన చొక్కా మీది నీళ్లు తుడుస్తుంటే బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

సాయంత్రం పొట్టేలు బరిలోకి దిగింది. గురుమూర్తి ఈసారి చెప్పులు చూడలేదు. హనుమక్కను వెంటబెట్టుకుని ప్లాస్టిక్ గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. కారణం తెలిసింది, నిజమే. కానీ తెలిసినంత మాత్రాన సరిపోతుందా? అతుకు నిలబడాలి కదా. గండభేరుండ తన ఉక్కు చక్రం తిప్పుకుంటూ దూసుకొచ్చింది. పొట్టేలు తల వంచి ఎదురెళ్లింది. ఠాప్ అని పిడుగు పడినట్టయింది. నిప్పురవ్వలు కప్పు దాకా లేచాయి. రెండూ చెరోవైపు పల్టీ కొట్టాయి.

"ఉండాదా? పన్ను ఉండాదా?" అని గురుమూర్తి అరిచాడు.

"ఉండాది!" అని హనుమక్క ఆయనకంటే గట్టిగా అరిచింది.

మళ్లీ గుద్దుకున్నాయి. మళ్లీ. పొట్టేలు చక్రం ఒకటి పోయింది, పక్క రేకు లేచిపోయింది, వెనకనుంచి పొగ వచ్చింది. అయినా కుంటుకుంటూ కుమ్మింది. గంట మోగేసరికి రెండూ ఇంకా కదులుతూనే ఉన్నాయి. జడ్జీలు తలలు కలిపి మాట్లాడుకుని గండభేరుండ గెలిచిందని మైసూరువాళ్ల చెయ్యి ఎత్తారు. మార్త పెదవి కొరుక్కుని రిమోటు కింద పెట్టింది.

గురుమూర్తికి అవేవీ పట్టలేదు. తలుపు తీయడమే ఆలస్యం, బరిలోకి వెళ్లి పొట్టేలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పన్ను అంచు చితికింది, సొట్టలు పడింది. బొటనవేలితో అతుకు చుట్టూ నెమ్మదిగా తడిమాడు. ఎక్కడా వెంట్రుకంత బీట కూడా లేదు. అమ్మయ్య! ఏడాది తర్వాత గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"సారీ అంకుల్, ఓడిపోయాం" అంది మార్త పక్కన కూర్చుని.

"పోనీలేమ్మా" అన్నాడు, నోరంతా తెరిచి నవ్వుతూ. "వచ్చే ఏటికి పళ్లు ఇంకొంచెం పొడుగు పెడదాము. నేనే పెడ్తా. మహేశ్‌ను ముట్టనియ్యను."

ఈలోగా హనుమక్క కూడా లోపలికి వచ్చేసింది. చేతిలో ఇంకో టెంకాయ. ఎక్కడ సంపాదించిందో ఆ దేవుడికే తెలియాలి. డ్రమ్ముకు రెండు అడుగుల దూరంలో ఆగి, ఎన్నడూ లేనంత వినయంగా అడిగింది.

"చల్లారిందా? ఇప్పుడు పొయ్యొచ్చునా?"

గురుమూర్తి అరచెయ్యి అతుకు మీద ఆనించి చూశాడు. దెబ్బల వేడికి ఇంకా కాస్త వెచ్చగా ఉంది.

"ఇంకొంచేపు ఆగు" అన్నాడు.

హనుమక్క టెంకాయ ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కనే చతికిలబడింది.