గది దాటిన మాట

పొద్దున మంచు మీద సాధన మొదలవగానే కోచ్ వేడ్‌ను పక్కకు పిలిచి, "నువ్వు స్కేట్లు విప్పెయ్" అన్నాడు. ఆటగాళ్ల మార్పిడికి ఆ మధ్యాహ్నమే గడువు. అలాంటి రోజున ఒంట్లో బాగున్నవాణ్ణి ఆపేశారంటే వాణ్ణి వేరే జట్టుకిచ్చే బేరం కుదిరినట్టే. కెనడాలోని ఆ సస్కటూన్‌ ఊళ్లో ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పదేళ్లుగా ఆ ఊరి ఐస్ హాకీ జట్టుకు కోటగోడ వేడ్. ఈ వేసవితో అతని ఒప్పందం ముగుస్తుంది. ఆ తర్వాత ఏ జట్టుకైనా పోవచ్చు. పోతే వీళ్లకు చిల్లిగవ్వ దక్కదు. అందుకే మేనేజర్ మెక్‌ఫేల్ కొత్త ఒప్పందం చేసుకోమని చలికాలమంతా అడుగుతూనే ఉన్నాడు. "ఎక్కడికీ పోను. కప్పు గెలిచాక సంతకం పెడతా" అని వేడ్ మాటిచ్చాడు. ఇక తన జోలికి రారని నమ్మాడు, పిచ్చి మారాజు!

విప్పిన స్కేట్లు అక్కడే పడేసి మేనేజర్ గదిలోకి దూసుకుపోయాడు.

"నా మాట మీద నమ్మకం లేదా సార్?"

"నీ మాట నమ్మేవాణ్ణే, వేడ్. మీ ఆవిడేమో వాంకూవర్‌లో వాళ్లమ్మ దగ్గరికి పోదామంటోందటగా! జులైలో నువ్వు ఊరికే చేజారిపోతే ఈ ఊరి జనం నన్ను బతకనిస్తారా?"

ఆ సంగతి వేడ్ ఒక్కరికే చెప్పాడు. గడ్డకట్టిన సరస్సు మీద, చేపలు పట్టే చెక్క గుడిసెలో, కెప్టెన్ రోలాండ్‌కు. జట్టు గదిలో మాట గది దాటకూడదన్నది హాకీవాళ్ల కట్టుబాటు. కెప్టెన్ చెవిన వేసినదైతే మరీను. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా!

జట్టు గదిలో రోలాండ్ కర్రకు టేపు చుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"తడిగుడ్డతో గొంతు కోశావు కదరా!"

"కెప్టెన్‌వి నువ్వే నిజం చెప్పమని మెక్‌ఫేల్ అడిగాడ్రా. నేనేం చెయ్యను? నీకు బదులు ఇద్దరు కుర్రాళ్లొస్తున్నారు. ఇరవై మంది గురించి ఆలోచించాలిగా."

"ఇరవై మంది గురించా, ఆట మానేసేలోగా నీకు కావలసిన ఆఖరి కప్పు గురించా?"

రోలాండ్ మళ్లీ టేపు చుట్టసాగాడు.

"రాత్రే మా కార్లా వాంకూవర్ వద్దు, ఇక్కడే ఉండిపోదామంది. ముందు నీకే చెబుదామని పెందలాడే వచ్చాన్రా."

రోలాండ్ చేతిలోంచి టేపు జారిపోయింది. "ఉండు, ఇప్పుడే మెక్‌ఫేల్‌తో చెబుతా" అంటూ లేవబోయాడు.

"కూర్చో. అంతా అయిపోయింది."

వేడ్ వరసగా అందరితో చేతులు కలిపాడు. రోలాండ్ కూడా చెయ్యి చాచాడు. వేడ్ దాన్ని చూడనట్టే దాటిపోయి సంచి భుజానేసుకున్నాడు.

అతణ్ణి తీసుకున్నది ఆ సాయంత్రం వీళ్లతో ఆడడానికి వచ్చిన జట్టే. వాళ్ల గది నడవాకు అవతలి కొసన ఉంది. అక్కడి కోచ్ కొత్త చొక్కా అందిస్తూ, "ఆటలో వాళ్ల కెప్టెన్‌ను ఎటువైపు నుంచి ఢీకొట్టాలోయ్?" అన్నాడు నవ్వుతూ.

రోలాండ్ ఒక దెబ్బను మేనేజర్‌కు కూడా తెలియకుండా దాచుకున్నాడు. ప్రతి ఆటకు ముందు దానికి పట్టీ బిగించేది వేడే. అతనికి ఏడుపొచ్చింది. కొత్త చొక్కా తలమీదుగా తొడుక్కుంటూ, ముఖం ఇంకా బయటపడకముందే, "ఎడమ మోకాలు" అన్నాడు.