తూకం బియ్యం

వంగి తూకం చూస్తుండగా సుందరరావు జేబులోని పెన్ను కారి, కృపమ్మ చేటలో బియ్యం మీద సిరా చుక్క పడింది. "పర్లేదండి, కడిగితే పోద్దండి" అంది కృపమ్మ. కిలోన్నర. రాసుకున్నాడు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం, నాట్లకింకా పిలుపు రాని రోజులు. రాజోలు దగ్గర కాలవగట్టు పేటలో ఏ ఇంట్లో పూటకెంత వండుతారో తూచి రాయడం ఆవేళ పని. జనం తిండి తూచే ఈ సర్కారు ఉద్యోగంలో అతనికి పందొమ్మిదేళ్ళు నిండాయి. మిగిలింది మోకాళ్ళ నొప్పి, ఎవరింటా మంచినీళ్ళు తప్ప ముట్టకూడదనే ఆఫీసు రూలూను. కొబ్బరితోటల కింద ఆకలేమిటయ్యా అని పైవాళ్ళు వెక్కిరిస్తారు. తోటలెవరివో మాత్రం అడగరు. ఇన్నేళ్ళలో ఒక్క నిజమైన అంకెయినా పైకి పంపానా అన్నదే అతన్ని తొలిచే సంగతి.

రెండో ఇంట్లోనూ కిలోన్నరే. మూడో ఇంట్లోనూ అంతే. అదేం చోద్యమో, అక్కడి బియ్యంలో నాలుగు గింజలు నీలంగా ఉన్నాయి! సుందరరావుకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. తను వీధి వెంట వస్తుంటే కృపమ్మ బియ్యం పెరటిదారిన ముందే చేరుతున్నాయన్నమాట. పస్తున్నామని పరాయివాడి ముందు ఒప్పుకుంటే ఈ పేటకి తల కొట్టేసినట్టే. కిలోన్నరే రాసుకుని కదిలాడు.

చివరిది దానమ్మ ఇల్లు. నాట్లకి వంగలేని వయసు, ఒంటిమనిషి. చేట అప్పటికే వచ్చి అరుగెక్కి కూర్చుంది.

"ఒక్కరికి కిలోన్నరా అమ్మా?"

దానమ్మ చేట పక్కకి జరిపింది. "అయి కృపమ్మయండి. నాయి ఇయేనండి" అని కొంగుముడి విప్పింది. నూకలు. నూట అరవై గ్రాములు తూగాయి.

"రాసేరాండి?"

"ఆయ్, రాసేను."

దొరికింది, నిజం దొరికింది. అందుకు సంబరపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మిగతా గళ్ళు నింపేలోగా ఆమె ఆ నూకలే జావ కాచి, సగం సత్తుగిన్నెలో పోసి అతని ముందు పెట్టింది.

"రూలు ఒప్పుకోదమ్మా."

"రూలేనాండి, మా ఇంట్లోదనా?"

తాగితే ఆమె పూట సగమైపోతుంది, ఇన్నాళ్ళకి దొరికిన అంకే చెడిపోతుంది. వద్దంటే ఆమె బతికున్నన్నాళ్ళూ మరిచిపోదు. సుందరరావు గిన్నె అందుకున్నాడు. ఉప్పు చాల్లేదు, అడగలేదు. తాగాక నూట అరవై పక్కనే, 'అతిథులు' అన్న గడిలో తనని ఒకటిగా వేసుకున్నాడు.

పేటవాళ్ళు రైతుల పెరట్లో తింటే, తిన్న గిన్నె వాళ్ళే కడిగి బోర్లించాలి. సుందరరావు ఇంట్లోనూ అదే ఆచారం. అతను నీళ్ళకుండ దగ్గర గొంతుక్కూర్చుని గిన్నె తోమాడు. "అయ్యో, బాబుగారూ, ఇలా ఇచ్చెయ్యండి" అంటూ దానమ్మ వచ్చేసరికి పనైపోయింది.

నెలాఖరుకి అతను రిటైరవుతాడు. ఇక ఈ పేటకి వచ్చే పని ఉండదు. గట్టెక్కి వెనక్కి చూస్తే దానమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అరుగు మీద అతను బోర్లించిన సత్తుగిన్నె అలాగే ఉంది, అంచు వెంట నీళ్ళు కారుతూ.