గెలిచినందుకు అరవై కిలోలు

దేవీప్రసాద్ గారి కారు పెదబయలు దాటాక ఒక మలుపులో పొగలు కక్కి ఆగిపోకుండా ఉంటే, ముంచింగిపుట్టు జీపు డ్రైవరు గాసి జన్మలో రేసు కారు ఎక్కి ఉండేవాడు కాదు.

దేవీప్రసాద్ గారిది విశాఖపట్నం. ఆయనకు కార్ల షోరూమొకటి, దాంతోపాటు ఓ రేసింగ్ టీమూ ఉన్నాయి. షోరూము బాగా నడుస్తుంది, టీము మాత్రం ఎప్పుడూ ఆఖరున వస్తుంది. కాఫీ తోట చూద్దామని కొండెక్కిన మనిషి, కారు మొరాయించడంతో పాడేరు వెళ్ళే గాసి జీపు ఎక్కాల్సి వచ్చింది. అది సంత రోజు. జీపులో పదిహేడుమంది మనుషులు, రెండు కోళ్ళు, పైన పసుపు బస్తాలు. ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్న ముసలమ్మ ఒళ్ళో తపేలా నిండా చోడి అంబలి, అంటే రాగి జావ. మూత లేదు. ఆయన వేసుకున్నది తెల్ల ప్యాంటు.

ఘాటు రోడ్డు పొడుగునా ఆయన అడవినీ చూడలేదు, లోయనూ చూడలేదు. అంబలినే చూశారు. జీపు ఎంత వేగంగా తిరిగినా అది తపేలా అంచుదాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కి పోయేది. పాడేరులో దిగేసరికి ప్యాంటు మీద చుక్క కూడా పడలేదు.

"నీ పేరేంటయ్యా?" అని అడిగారు దిగీదిగగానే.

"గాసి బాబూ. ఏటి, నడకలో తేడా ఏటైనా వచ్చినాదా?"

"తేడా ఏం లేదు. రేసు కారు నడుపుతావా?"

"ఏ రూటు బాబూ?"

"రూటంటూ ఉండదు. గుండ్రటి రోడ్డు. బయల్దేరిన చోటికే మళ్ళీ వచ్చేస్తాం."

"మరి ఎక్కినోళ్ళు ఎక్కడ దిగుతారు?"

"ఎవరూ ఎక్కరయ్యా. నువ్వొక్కడివే."

గాసి ఆయనవైపు జాలిగా చూశాడు. ఇంత పెద్దమనిషి, ఒక్క పాసింజరు కూడా దొరక్క, ఒట్టి బండి గుండ్రంగా తిప్పుకుంటున్నాడే అనుకున్నాడు.

ఇంటికెళ్ళి భార్య నూకరత్నానికి చెప్పాడు. గాసి పదకొండేళ్ళుగా జీపు నడుపుతున్నాడు. నూకరత్నం పదకొండేళ్ళుగా గాసి పక్క సీట్లో కూర్చుని గాసిని నడుపుతోంది. ఆమె అంతా విని, "ఎల్లు మావా. ఓ ఏడాది సూద్దుం. జీపు మా తమ్ముడు సోమన్న తిప్పుతాడు" అంది. అక్కడితో తీర్మానమైపోయింది.

టూరింగ్ కార్ల రేసంటే, షోరూముల్లో అమ్మే మామూలు కార్లనే ఊడదీసి, గట్టిపరిచి పరిగెత్తించే పోటీ. గాసికి ఇచ్చిన కారుకి వెనక సీట్లు లేవు. పక్క సీటూ లేదు. హారన్ లేదు. లోపలంతా ఇనప గొట్టాలు. "దొంగలెత్తుకెళ్ళినారేటి సార్?" అని అడిగాడు గాసి. ఇంజనీరు శివప్రసాద్‌కి నవ్వు రాలేదు. హైదరాబాదు మనిషి, లాప్‌టాప్ లేకుండా కాఫీ కూడా తాగడు.

మొదటి రేసు చెన్నై దగ్గర. మూడో రౌండులో ఎవరిదో కారు రోడ్డు మీద నూనె ఒలకబోస్తే, జాగ్రత్త అని చెప్పడానికి రోడ్డు పక్కన ఒకతను పసుపుజెండా ఊపాడు. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యి ఊపితే జీపు డ్రైవరు ఏం చేస్తాడు? గాసి బండి పక్కకు తీసి, ఆపి, తలుపు తీశాడు.

"ఎక్కడికి బాబూ?"

ఆ తమిళ మనిషి జెండా కింద పడేసుకున్నాడు. ఈలోపు పదకొండు కార్లు ముందుకెళ్ళిపోయాయి. రేసులో ఉన్నవే పన్నెండు.

రెండో రేసులో ఆపలేదు గానీ, అద్దంలో వెనక కారు కనిపించినప్పుడల్లా చెయ్యి బయట పెట్టి దారిచ్చాడు. ఎనిమిది మందికిచ్చాడు. శివప్రసాద్ రేడియోలో అరిచాడు, "గాసీ, ఎందుకలా వదిలేస్తున్నావ్?"

"ఆళ్ళకేదో తొందర పనుంది సార్."

శివప్రసాద్ రేడియోలో ఏం చెప్పినా గాసికి మరో ఇబ్బంది ఉండేది. "నాలుగో మలుపులో బ్రేక్ ఇరవై మీటర్లు ఆలస్యంగా వెయ్యి" అంటే, "అలాగే సార్" అని వినయంగా ఒక చేత్తో దణ్ణం పెట్టేవాడు. మలుపులో ఒక చెయ్యి స్టీరింగు వదిలేస్తే ఏమవుతుందో అదే అయ్యేది. కంకర్రాళ్ళలోంచి కారును బయటికి లాగడానికి ట్రాక్టరు వచ్చేది.

కానీ అసలు బాధ అది కాదు. శివప్రసాద్‌కి చెబితే అర్థం కాలేదు గానీ, ఫోన్లో నూకరత్నానికి చెప్పుకున్నాడు. "బండి మరీ తేలికే రత్నం. మలుపులో తోక నాతో రాదు. ఎంగిలి విస్తరాకు గాలికి పోయినట్టు పోతాది."

మూడో రేసు కోయంబత్తూరులో. నూకరత్నం రైలెక్కి వచ్చేసింది. కార్లకు మరమ్మతులు చేసే షెడ్డులో శివప్రసాద్ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా టీవీలో గాసి కారు తొమ్మిదో స్థానంలో వెళ్తోంది. ఆమె అయిదు రౌండ్లు ఓపిక పట్టింది. ఆరో రౌండులో శివప్రసాద్ తలమీది రేడియో ఊడబీకి తన తలకు పెట్టుకుంది.

"మావా! ఏటి సేత్తన్నావు? ఆడి తోకట్టుకుని ఎంతసేపు ఏలాడతావు? ఎడమేపు కాళీ ఉంది, దూరీ!"

గాసి ఆలోచించలేదు. దూరిపోయాడు. ఎనిమిదో స్థానం.

"బేగి పోనీ! ఆ నీలం కారోడికి దారిచ్చావంటే ఇంటికి రాకు. నానెప్పుడైనా అడిగితే ఇచ్చినావేటి దారి?"

ఏడు. ఆరు. అంతలో వాన పట్టుకుంది. మిగతావాళ్ళు వేగం తగ్గించారు. గాసికి మాత్రం వాన, మంచు, బురద కలిస్తేనే దాన్ని రోడ్డంటారు. ఒక్కొక్కరినే దాటుకుంటూ, మూడేళ్ళుగా ఛాంపియన్‌గా ఉన్న ఎర్ర కారు కామేష్‌ని కూడా దాటి, మొదటివాడిగా వచ్చాడు. దేవీప్రసాద్ గారు పక్కనున్న టైరును కౌగిలించుకుని ఏడ్చారు. టీము పుట్టాక అదే మొదటి గెలుపు.

మర్నాడు శివప్రసాద్ సీసపు పలకలు తెచ్చి, కారులో పక్క సీటు ఉండాల్సిన చోట బోల్టులు వేసి బిగించసాగాడు. నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటిది?"

"రూలమ్మా. గెలిచినవాడి కారులో అరవై కిలోల బరువు పెడతారు. లేకపోతే వాడే ఎప్పుడూ గెలుస్తాడని."

"మా కాడ గెలిచినోడికి శాలువా కప్పుతారు. మీరు సీసం కప్పుతారేటి?"

గాసి దిగాలుగా కారెక్కి ఒక రౌండు తిరిగొచ్చాడు. దిగేటప్పటికి కళ్ళలో నీళ్ళు.

"అంత ఇబ్బందిగా ఉందా?" అన్నాడు శివప్రసాద్.

"ఇబ్బందేటి సార్! పక్కన ఒక మనిషి కూకున్నట్టుంది. పేణం లేచొచ్చినాది."

నాలుగో రేసు గెలిచాడు. ఇంకో ముప్పై కిలోలు పెట్టారు. అయిదోదీ గెలిచాడు. తక్కిన కార్లయితే తొంభై కిలోల బరువుకి మలుపుల్లో కాళ్ళీడ్చేవి. గాసి కారు మాత్రం సంత నుంచి తిరిగొచ్చే జీపులా, కదలకుండా బెదరకుండా, రోడ్డు మీద కూర్చుని పోయేది. "మరో నాలుగు బస్తాలు ఎయ్యండి సార్, మొహమాటపడకండి" అనేవాడు.

కామేష్ నిర్వాహకులకు ఫిర్యాదు చేశాడు. ఈ బరువు గాసికి శిక్ష కాదు, సాయమన్నాడు. నిర్వాహకులు కారును ముక్కముక్క విప్పి చూశారు. ఏ మోసమూ దొరకలేదు. నాలుగు గంటలు సమావేశమై, చివరికి ఒక కాగితం పంపారు. శివప్రసాద్ దాన్ని రెండుసార్లు చదివాడు. బరువు మోయడం వల్ల అనుచితమైన లాభం పొందుతున్న కారణంగా, ఆఖరి రేసులో ఆ కారు నుంచి బరువంతా తీసేయాలని ఆదేశం.

కామేష్ అక్కడితో ఆగలేదు. గుట్టంతా బరువులోనే ఉందని నమ్మి, ఎవరూ అడక్కుండానే తన కారులో తొంభై కిలోలు బిగించుకున్నాడు. ఎక్కువ బరువు పెట్టుకోకూడదని ఏ రూలూ లేదు. అలాంటి రూలు అవసరమవుతుందని అంతవరకు ఎవరికీ తోచలేదు.

ఆఖరి రేసు మళ్ళీ చెన్నైలో. గెలిస్తే ఆ ఏడాది ఛాంపియన్ గాసి. గెలవకపోతే కామేష్. మొదటి రౌండులోనే గాసి కారు తోక రెండుసార్లు పక్కకు పోయింది. అయిదో స్థానానికి జారాడు.

నూకరత్నం ఇప్పుడు రేడియో దగ్గరే ఉంటోంది. శివప్రసాద్ ఆమెకు టీ అందిస్తున్నాడు.

"మావా, ఏటలగ వణికిపోతన్నావు?"

"బండి కాళీగా ఉంది రత్నం. సేతికి ఆనట్లేదు."

ఆమె టీవీ వైపు ఒంగింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"కాళీ ఏటి? యర్రమ్మ పిన్ని ఎనకాల కూకున్నాది, కనిపించనేదా? ఆవిడ పక్కన మల్లేశు బావ. ఆడి ఒళ్ళో పనసకాయ. ఇద్దరు టీచరమ్మలు, ముగ్గురు ఇస్కూలు పిల్లలు. పైన ఆరు బస్తాలు పసుపు. మెల్లగా తిప్పు, పిన్నికి నడుం నొప్పి."

గాసి అద్దంలోకి చూశాడు. వెనకాల ఇనప గొట్టాలు తప్ప ఎవరూ లేరు. కానీ చేతులు మాత్రం నమ్మేశాయి. అయిదో మలుపులో స్టీరింగు పిన్ని నడుం కోసం నెమ్మదిగా తిప్పాడు. కారు తోక బుద్ధిగా వెంట వచ్చింది.

"పిన్ని ఏటంటన్నాది?" అని అడిగాడు.

"బేగి ఎల్లమంటన్నాది. బస్సు అందదట."

నాలుగు. మూడు. రెండు. ముందు కామేష్ ఒక్కడే ఉన్నాడు. తొంభై కిలోలు మోసి మోసి అతని బ్రేకులు కాలి వాసన కొడుతున్నాయి. అయినా మొండివాడు, దారివ్వడు. ఆఖరి మలుపు దగ్గర ఎర్ర కారుకీ గోడకీ మధ్య కారు పట్టే సందు లేదు. ముప్పాతిక కారు పడుతుందేమో.

"సోటు నేదు రత్నం!"

"జీపులో పద్దెనిమిదోవోడికి సోటుంటాదేటి? ఆడెలా కూకుంటాడు?"

పద్దెనిమిదోవాడు ముందు సగం తుంటి ఆనిస్తాడు. తర్వాత జీపు మొదటి కుదుపుకి ఇంకాస్త జరుగుతాడు. ఆ తర్వాత అందరూ సర్దుకుంటారు. గాసి ముందు బానెట్ మూల ఆనించాడు. రోడ్డు గతుకు దగ్గర ఇంకాస్త జరిగాడు. "సర్దుకోండి బాబూ, సర్దుకోండి" అంటూ తలుపుకు తలుపు రాసుకుంటూ దూరాడు. ఈ రేసుల్లో ఆపాటి రాపిడి తప్పు కాదు. కామేష్ సర్దుకోక తప్పలేదు. గాసి బానెట్ పొడవు తేడాతో గెలిచాడు.

షెడ్డులో అందరూ గంతులేస్తుంటే నూకరత్నం రేడియోలో చివరి మాట చెప్పింది. "అందరూ దిగినారు మావా. ఇంక ఆపు."

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ముంచింగిపుట్టులో గాసి ఇంటి ముందు కామేష్ దిగాడు. చేతిలో స్వీట్ల పెట్టె. ఘాటు రోడ్డు దెబ్బకి మొహం పాలిపోయి ఉంది. ఛాంపియన్‌ని అభినందించడానికి ఇంత దూరం వచ్చాడని గాసి పొంగిపోయి కుర్చీ వేశాడు.

"నూకరత్నం గారు ఉన్నారా?" అన్నాడు కామేష్.

గాసి కుర్చీ పట్టుకునే నిలబడ్డాడు. కామేష్ ఆమెకు రెండు చేతులూ జోడించాడు. తన టీములో రేడియో దగ్గర కూర్చోమని బతిమాలాడు. తనతో ఇంతవరకు ఎవరూ గట్టిగా మాట్లాడలేదని, అందుకే ఓడిపోయానని వాపోయాడు. నూకరత్నం స్వీట్ల పెట్టె విప్పి చూసి, ఒకటి నోట్లో వేసుకుంది.

"ఎల్తావేటి?" అన్నాడు గాసి.

"నీకు నేర్పీసినాను కదా మావా. ఈ గుంటడికి ఎవులున్నారు?"

మరుసటి ఏడాది మొదటి రేసులో కామేష్ మొదటి స్థానం, గాసి రెండో స్థానం. ఎర్ర కారు ఆఖరి రౌండులో ఎక్కడి నుంచి వచ్చిందో గాసికి తెలియనే లేదు. తిరుగు రైల్లో మొగుడూ పెళ్ళాలు ఎదురెదురుగా కూర్చున్నారు. నెల్లూరు దాటాక గాసి అడిగాడు.

"ఆఖరి మలుపులో ఆడికేటి సెప్పినావు?"

"సెప్పను. ఆడు నా టీము" అని, నూకరత్నం టిఫిన్ క్యారేజీ విప్పి, పెద్ద గిన్నె అతనివైపు జరిపింది.